శవాలు మోసేవాడి సంగతి: ‘సక్’ చిత్రంపై ఒక సంవాదం

కెనడాలో నిర్మితమై 2009 సెప్టెంబరులో టొరంటో అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైన ‘సక్’ అనే హాస్యచిత్రానికి కథ రాసినవాడూ, దర్శకత్వం వహించినవాడూ, కథానాయకుడి వేషం కట్టినవాడూ రాబ్ స్టెఫానియుక్ ఒక్కడే. పేరులో తప్ప మరెక్కడా గెలుపు ఎరగని ‘ది విన్నర్స్’ అనే రాక్ బృందం ఖాళీ క్లబ్బుల్లో వాయించుకుంటూ కెనడా నుంచి అమెరికా వైపు సాగుతుండగా, బృందంలో బేస్ గిటార్ వాయించే జెన్నిఫర్ ఒక రాత్రి క్వీనీ అనే రక్తపిశాచి వెంట వెళ్లి తానూ రక్తపిశాచిగా తిరిగివస్తుంది. అంతవరకు వేదిక వైపు తలెత్తి చూడని జనం ఆమెను చూసి మంత్రించినట్టు నిలబడిపోతారు, బృందానికి పేరు మొదలవుతుంది, తక్కినవారూ ఒకరి తరువాత ఒకరు ఆ దారినే పడతారు. వీరిని తరిమే వేటగాడి పేరు ఎడ్డీ వాన్ హెల్సింగ్. ‘డ్రాక్యులా’ నవలలోని పిశాచవైరి పేరునూ, ఎడ్డీ వాన్ హేలెన్ అనే గిటార్ విద్వాంసుడి పేరునూ కలిపి కుట్టిన ఈ పాత్రను మాల్కమ్ మెక్‌డవెల్ పోషించాడు. ఈ వేటగాడికి చీకటంటే భయం.

చిత్రం పేరులోనే ఒక శ్లేష ఉంది. ఆంగ్లంలో ఆ మాటకు పీల్చడమనే అర్థంతో పాటు, వాడుకలో, పరమ నాసిగా ఉండటం అనే అర్థమూ ఉన్నందువల్ల, నెత్తురు పీల్చే బృందమనీ, పాట చేతకాని బృందమనీ ఒకే మాట రెండు నిందలను మోస్తుంది. ఈ రెండింటిలో ఏది అసలు నింద అన్న ప్రశ్న మీదనే కింది సంవాదం నడుస్తుంది. అందులో ఒకరు చలనచిత్ర చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకుంటున్న విమర్శకుడు. రెండవవారు కాలేజీ వేడుకలకూ పెళ్లి రిసెప్షన్లకూ వాయించే ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి బేస్ గిటార్ పట్టిన వాద్యకారిణి. చిత్రాన్ని కొట్టిపారేసే పక్షం మొదటివారిది, వెనకేసుకొచ్చే పక్షం రెండవవారిది; అయితే సంవాదం సగం దాటేసరికి ఈ విభజన మొదట ఉన్నంత శుభ్రంగా మిగలలేదన్నది ముందే చెప్పుకోవలసిన సంగతి.

విమర్శకుడు: రాక్ గాయకుణ్ణి రక్తపిశాచితో పోల్చడం ఈ చిత్రం కనిపెట్టిన విషయమేమీ కాదమ్మా, అది చేతులు మారి మారి అరిగిపోయిన నాణెం. 1931 నాటి ‘డ్రాక్యులా’ చిత్రంలో ఆ పాత్రకు తన ముఖాన్నే శాశ్వతంగా అప్పగించిన హంగరీ నటుడు బేలా లుగోసీ మరణాన్ని పాటపేరుగా పెట్టుకుని, బౌహౌస్ అనే ఇంగ్లండు బృందం 1979లోనే తొమ్మిది నిమిషాలకు పైబడిన పాట విడుదల చేసింది. 1983లో వచ్చిన ‘ది హంగర్’ చిత్రం ఆ బృందం ఆ పాటను పాడుతుండగానే మొదలై, డేవిడ్ బోవీ అంతటి గాయకుణ్ణి పిశాచపు కోవలో నిలబెట్టింది. ఆన్ రైస్ 1985లో ప్రచురించిన ‘ది వ్యాంపైర్ లెస్టాట్’ నవలలో పిశాచమే గాయకుడై వేదిక ఎక్కింది. ఇంతమంది నమిలిన ఉపమానాన్ని నవ్వుతూ నమిలినంత మాత్రాన కొత్త రుచి వస్తుందా?

ఆయన రెండవ అభ్యంతరం అతిథి పాత్రల గురించి. కేమియో అంటే ప్రసిద్ధుడొకడు కొద్ది నిమిషాలపాటు తెర మీదికి వచ్చిపోయే వేషం. అక్కడ ప్రేక్షకుడు గుర్తుపట్టి సంతోషించేది పాత్రను కాదు, ఆ వేషం వెనుక ఉన్న మనిషిని. ‘సక్’లో ఆలిస్ కూపర్ మద్యశాలలో గ్లాసులు నింపేవాడుగా, ఇగ్గీ పాప్ రికార్డింగ్ స్టూడియోలో తల పండిన నిర్మాతగా, హెన్రీ రోలిన్స్ నోటిదురుసు రేడియో వ్యాఖ్యాతగా, మోబీ ఒక హెవీ మెటల్ బృందపు గాయకుడిగా, రష్ బృందానికి చెందిన అలెక్స్ లైఫ్‌సన్ సరిహద్దు అధికారిగా కనిపిస్తారు. విందుకు వచ్చినవారి పేర్లు చదివి వినిపిస్తే వంట రుచి తెలిసిపోదని విమర్శకుడి ఆక్షేపణ.

వాద్యకారిణి: మాస్టారూ, పేర్లన్నీ ఒకే గాటన కట్టకండి. మోబీ మాంసమే కాదు, పాలు సైతం ముట్టని మనిషిగా లోకానికంతటికీ తెలుసు. అతనికి ‘బీఫ్ బెలోస్’ అన్న పేరు పెట్టి, అభిమానులు పచ్చిమాంసం విసిరే బృందానికి నాయకుణ్ణి చేయడం అతణ్ణి గుర్తుపట్టినవారికి మాత్రమే పేలే జోకు, దానితో దాని పని అయిపోయిందంటే ఒప్పుకోవచ్చు. లైఫ్‌సన్ సంగతి అలా కాదు. కెనడా ప్రభుత్వం 1971లో తమ రేడియోలు ప్రసారం చేసే పాటల్లో కనీసం 30 శాతం స్వదేశీయులవి కావాలని నియమం పెట్టవలసి వచ్చిందంటే, దక్షిణాన ఉన్న పొరుగుదేశపు సంగీతం అక్కడి చెవులను ఎంతగా ఆక్రమించిందో తెలుస్తుంది. లైఫ్‌సన్ ఉన్న రష్ టొరంటో బృందమే అయినా, 1974లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరపు రేడియో స్టేషనొకటి వారి పాటను ఎత్తుకున్న తరువాతే వారి దశ తిరిగింది. సరిహద్దు గీత దాటితే తప్ప పేరు రాని దేశంలో, ఆ గీత దాటి గెలిచినవాడే గీత దగ్గర అధికారి వేషంలో కూర్చుని, ఇంకా ఏమీ గెలవని బృందం కాగితాలు తనిఖీ చేస్తుంటాడు. ఇది అతిథి సత్కారం కాదు, ఆ దేశంలో వాయించి పొట్టపోసుకునేవారి బతుకు మీద వేసిన చెణుకు.

విమర్శకుడు ఈ ఒక్క ఉదాహరణను ఒప్పుకుని, ఒక్క దృశ్యం చిత్రమంతటినీ మోయలేదని అంటూ పోలికలకు దిగాడు. ఓడిపోతున్న బృందం మీద హాస్యం కావాలంటే 1984 నాటి ‘దిస్ ఈజ్ స్పైనల్ ట్యాప్’ ఉందనీ, అందులో పద్దెనిమిది అడుగుల రాతికమాను వేదిక మీదికి దిగవలసినచోట, కాగితం మీద అడుగుల గుర్తుకు బదులు అంగుళాల గుర్తు వేసిన పాపానికి పద్దెనిమిది అంగుళాల బొమ్మ దిగే ఘట్టం ముందు ఏ పిశాచమూ చాలదనీ ఆయన వాదం. వాద్యకారిణి దానికి ఇచ్చిన జవాబు క్లుప్తం: స్పైనల్ ట్యాప్ ఒకప్పుడు వెలిగి ఆరిపోతున్న బృందం, విన్నర్స్ ఒక్కసారి కూడా వెలగనిది, ఆరిపోవడంలోని హాస్యం వేరు, అంటుకోకపోవడంలోని హాస్యం వేరు. తరువాతి పోలిక మరింత గట్టిది.

విమర్శకుడు: సంగీత వ్యాపారం మనిషిని ఎలా పీలుస్తుందో చూపాలనుకుంటే 1974లోనే బ్రయాన్ డి పాల్మా ‘ఫాంటమ్ ఆఫ్ ది ప్యారడైజ్’ తీశాడు. అక్కడ పాట కట్టినవాడి చేత నెత్తురుతో సంతకం చేయించుకునేవాడు రికార్డు కంపెనీ యజమాని. చాలాచోట్ల తిప్పికొట్టిన ఆ చిత్రం కెనడాలోని విన్నిపెగ్ నగరంలో మాత్రం విరగబడి ఆడింది, కాబట్టి ఈ పాఠం కెనడావారికి తెలియనిది కాదు. కోరలు ఉండవలసింది యజమానికి. కల్పనాసాహిత్యంలో రక్తపిశాచి పుట్టుకే అలాంటిది: ఒకడు ప్రభువు, ఒకడు కౌంటు, అంటే జమీందారు, కౌలుదార్ల కష్టం మీద బతికే వర్గానికి అది ప్రతిరూపం. కార్ల్ మార్క్స్ ‘పెట్టుబడి’ గ్రంథంలో, సజీవ శ్రమను పీల్చి బతికే మృతశ్రమగా పెట్టుబడిని వర్ణించడానికి ఈ పోలికనే ఎంచుకున్నాడు. అలాంటి కోరలను తీసుకువచ్చి, బండి పెట్రోలుకు కూడా డబ్బు చాలని వాయిద్యగాళ్లకు తగిలిస్తే ఏమవుతుంది? పీల్చబడేవాడు పీల్చేవాడిగా కనబడతాడు, అసలు పీల్చేవాడు తెర అవతల హాయిగా ఉంటాడు. ‘సక్’లో బృందపు మేనేజరుగా డేవ్ ఫోలీ నవ్విస్తాడే గాని, అతని ఒప్పందంలో ఏముందో చిత్రం చదివి వినిపించదు.

సంవాదంలో ఈ పక్షానికి ఇంతకన్నా బలమైన వాదం లేదు. దీనికి వచ్చిన జవాబు కొంత చుట్టుదారిన వచ్చింది.

వాద్యకారిణి: జమీందారు కథే, కాదనడం లేదు, ఆ కథ రాసినవారెవరో చూడండి. ఆంగ్లంలో తొలి పిశాచకథగా పేరుపడ్డ ‘ది వ్యాంపైర్’ రాసిన జాన్ పోలిడోరీ, 1816లో లార్డ్ బైరన్ వెంట జెనీవా వెళ్లిన జీతపు వైద్యుడు. బైరన్ అంటే ఆ రోజుల్లో ఇప్పటి సినిమా తార కన్నా తక్కువేమీ కాదు, వీధిలో కనిపిస్తే స్త్రీలు సొమ్మసిల్లేవారన్న ప్రచారం ఉన్న కవి. అలాంటి మనిషికి మందులిస్తూ, మాటలు పడుతూ, అతని విందుబల్ల చివర కూర్చున్న కుర్రవాడు కథ రాస్తే అందులోని పిశాచం, రూపంలోనూ హోదాలోనూ, అచ్చంగా యజమానిలాగే తయారైంది. 1819 ఏప్రిల్‌లో లండన్ పత్రిక ఒకటి దాన్ని అచ్చు వేసినప్పుడు కింద వేసిన పేరు ఎవరిది? బైరన్‌ది. ఆ పేరు పెడితేనే పత్రిక అమ్ముడుపోతుంది కాబట్టి పెట్టారు; తనది కాదని బైరన్, తనదేనని పోలిడోరీ మొత్తుకున్నా చాలాకాలం లోకం దాన్ని ప్రభువు ఖాతాలోనే జమ వేసింది. పోలిడోరీ 1821లో, ఇరవై ఆరేళ్లు నిండకముందే పోయాడు. నౌకరు నెత్తురు యజమాని పేరు మీద అమ్ముడైన సంఘటన అది. కోరల అవసరమే రాలేదు.

బ్రామ్ స్టోకర్ విషయానికి వస్తే, ఆయన 1897లో ‘డ్రాక్యులా’ ప్రచురించేనాటికి వృత్తిరీత్యా నవలాకారుడు కాడన్నది తరచూ మరచిపోయే విషయం. లండన్‌లోని లైసియం నాటకశాలకు 1878 నుంచి మేనేజరుగా పనిచేస్తూ, ఆ సంస్థకు ప్రాణమైన హెన్రీ ఇర్వింగ్ అనే మహానటుడి పద్దులూ ప్రయాణాలూ ఉత్తరాలూ చూసుకుంటూ, ఆ నటుడు 1905లో మరణించేవరకు అదే పని చేసినవాడాయన. నవల వెలువడడానికి కొద్దిరోజుల ముందు, 1897 మే 18న, దాని నాటక హక్కులు మరొకరి పాలు కాకుండా ఉండేందుకు అదే నాటకశాలలో కథనంతా నటుల చేత చదివించాడు. రాత్రి బతికేవాడూ, చూపుతో లొంగదీసేవాడూ, చుట్టూ ఉన్నవారి బలం తోడుకుని తాను వెలిగేవాడూ అయిన కౌంటులో ఇర్వింగ్ నీడ ఉందని పరిశోధకులు ఎందరో అభిప్రాయపడ్డారు. కాబట్టి మాస్టారూ, పిశాచానికీ ప్రదర్శన వ్యాపారానికీ ఉన్న బంధుత్వం బౌహౌస్‌తో మొదలు కాలేదు. పెట్టెలు మోసేవారూ లెక్కలు రాసేవారూ తమ వేలుపును దగ్గరగా చూసి రాసుకున్న కథలివి. ఈ దృష్టితో చూస్తే ‘సక్’లో ప్రధానపాత్ర గాయకుడు జోయీ కాదు, జెన్నిఫర్ కూడా కాదు; హ్యూగో.

హ్యూగో ఆ బృందపు రోడీ. రోడీ అంటే ఊరూరా తిరిగే సంగీత బృందంతో పాటు తిరుగుతూ, వాద్యాలనూ స్పీకర్లనూ దింపి, అమర్చి, తంతులు తగిలించి, ప్రదర్శన అయ్యాక మళ్లీ విప్పి బండికెక్కించే పనివాడు. నాటక సమాజాల్లో తెరలు లాగి, దీపాలు సర్ది, పెట్టెలు మోసే మనిషితో పోల్చదగినవాడు. క్రిస్ రాట్జ్ ధరించిన ఈ పాత్రకు చిత్రం నడిచేకొద్దీ ఇంకొక పని తోడవుతుంది: వాయించేవారు తిని వదిలేసిన శవాలను ఎవరి కంటా పడకుండా మాయం చేయడం. అతణ్ణి ఆ పనికి కుదుర్చుకునేది జెన్నిఫర్. ఇందుకు అతనికి జీతం పెరగదు. స్టోకర్ నవలలో కౌంటుకు దాసుడై ఈగలనూ సాలెపురుగులనూ తినే రెన్‌ఫీల్డ్ అనే పిచ్చివాడికి ఇతడు వారసుడే గాని, రెన్‌ఫీల్డ్‌కు ఉన్న ఉన్మాదం ఇతనిలో లేదు. తప్పించుకోలేని పనిని తిట్టుకుంటూ చేసే కూలివాడి విసుగే ఇతని స్వభావం.

వాద్యకారిణి ఇంకొక విషయం కూడా జోడించింది. బృందంలో మొదట పిశాచమయ్యేది బేస్ వాయించే మనిషి కావడం యాదృచ్ఛికం కాదని ఆమె నమ్మకం. నాలుగు మందపు తంతులతో, పాటకు అడుగున నడిచే మంద్రధ్వనిని అందించే ఆ వాద్యం ఆగిపోతే పాటలో ఏదో లోపించిందని అందరికీ తెలుస్తుంది గాని, మోగుతున్నంతసేపూ ఎవరి చెవికీ విడిగా ఆనదు. టాకింగ్ హెడ్స్‌లో టీనా వేమత్, సోనిక్ యూత్‌లో కిమ్ గార్డన్, పిక్సీస్‌లో కిమ్ డీల్ వంటి స్త్రీలు ఆ వాద్యాన్ని పట్టుకుని చరిత్రలో నిలిచారు గాని, మామూలు బృందాల్లో బేస్ మనిషి దీపాల వెలుగుకు అవతల నిలబడేవారే. అలాంటి మూలనున్న మనిషి కాటు పడిన రాత్రి నుంచి నడిమధ్యకు వచ్చేస్తే, ఇన్నాళ్లూ మైకు ముందు నిలబడిన గాయకుడు జోయీ పక్కకు తప్పుకోవలసివస్తుంది. అతనికి పిశాచం కన్నా అది ఎక్కువ భయంకరం.

విమర్శకుడు: అమ్మా, ఆ నడిమధ్యకు ఆమె వచ్చింది వేళ్ల నేర్పుతో కాదు, కళ్ల వశీకరణతో. స్త్రీ వాద్యకారిణిని జనం చూడాలంటే ఆమె వాయింపు చాలదు, మోహిని కావలసిందేనన్న పాత మాటనే చిత్రం మళ్లీ చెప్పింది. దానికన్నా ఘోరం, పాట మెరుగుపడటానికీ పేరు రావడానికీ సంబంధం లేదని తేల్చేసింది. జనం మైమరచిపోయింది పిశాచపు చూపుకు గనుక, జనానికి రుచి ఉన్నట్టూ లేదు, బాధ్యత ఉన్నట్టూ లేదు. ఈ చిత్రం తొలిసారి ప్రదర్శించిన ఊళ్లోనే, నలభై ఏళ్ల ముందు, అందుకు పూర్తిగా ఎదురైన సంగతి జరిగింది.

ఆయన ప్రస్తావించినది 1969 సెప్టెంబరు 13న టొరంటోలోని వార్సిటీ స్టేడియంలో జరిగిన రాక్ అండ్ రోల్ రివైవల్ ఉత్సవం. అప్పటికింకా పేరు రాని ఆలిస్ కూపర్ బృందం వాయిస్తుండగా వేదిక మీద ఎక్కడినుంచో ఒక బతికున్న కోడి ప్రత్యక్షమైంది. రెక్కలున్నది గనుక ఎగిరిపోతుందనుకున్నానని తరువాతి కాలంలో చెప్పుకున్న కూపర్ దాన్ని జనం మీదికి విసిరాడు. అది ఎగరలేదు, ముందువరసల మీద పడింది, వారు దాన్ని ముక్కలు ముక్కలుగా చీల్చి వేదిక మీదికే తిరిగి విసిరారు. మరునాడు పత్రికలు కూపర్ కోడి తల కొరికి నెత్తురు తాగాడని రాశాయి. అతని రికార్డులు వెలువరిస్తున్న ఫ్రాంక్ జాపా ఫోను చేసి నిజమా అని అడిగి, కాదని విన్నాక, కాదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పవద్దని సలహా ఇచ్చాడు. కూపర్ పేరు చుట్టూ అల్లుకున్న భయంకర ఖ్యాతికి ఆ పుకారు పెట్టుబడి అయింది. కోడికి సంబంధించినంతవరకు చీల్చినవారు వేరు, తాగినవాడిగా కీర్తి పొందినవాడు వేరు. తెల్లగా సున్నం కొట్టినట్టున్న ముఖంతో అదే కూపర్, ‘సక్’లో, మనుషుల ఆత్మలకు బేరం పెట్టే మద్యశాలవాడుగా కూర్చోవడంలోని హాస్యం ఈ చరిత్ర ఎరిగినవారికి రెట్టింపవుతుంది.

విమర్శకుడు: ఆనాటి జనాన్ని ఎవరూ వశపరచుకోలేదు. ఒకడి కోరికను మరొకడి మీద రుద్ది, తామే చేసిన రక్తపాతాన్ని వేదిక మీదివాడి ఖాతాలో వేసుకుని, ఆ తరువాత అతణ్ణి చూడటానికి డబ్బులిచ్చి వచ్చారు. నిజమైన పిశాచహాస్యం ఇక్కడ ఉంది, ‘సక్’ దాన్ని తీయలేదు. కూపర్‌ను పిలిచి కూర్చోబెట్టారు గాని, కోడిని వదిలేశారు.

వాద్యకారిణి ఈ మాటకు ఎదురు చెప్పలేదు. ప్రేక్షకుల వైపు నుంచి చూస్తే చిత్రంలో ఒక ఖాళీ ఉందని ఒప్పుకుని, తానే మరొక లోపాన్ని బయటపెట్టింది. ఈ లోపం ఆమెకు విమర్శకుడి కన్నా ఎక్కువ కోపం తెప్పించింది. కూపర్ పాత్రకు మూలం అమెరికా దక్షిణాది నల్లజాతివారి బ్లూస్ సంగీతానికి చెందిన కూడలి కథ: అర్ధరాత్రి నాలుగు దారుల కూడలిలో సైతాను ఎదురై గిటారు శ్రుతిచేసి ఇస్తాడనీ, బదులుగా ఆత్మను తీసుకుంటాడనీ చెప్పుకునే ఆ కథ, 1936, 1937 సంవత్సరాల్లో 29 పాటలు రికార్డు చేసి 1938లో 27 ఏళ్ల వయసులో మరణించిన రాబర్ట్ జాన్సన్ పేరుకు అతుక్కుపోయింది. అంతకుముందు అదే కథ టామీ జాన్సన్ అనే మరొక గాయకుడి గురించి, అతని సోదరుడి నోటనే వినబడింది.

వాద్యకారిణి: రాబర్ట్ జాన్సన్‌కు గిటారు నేర్పినవాడు ఐక్ జిమ్మర్‌మన్ అనే మనిషి. రాత్రిళ్లు ఎవరికీ నిద్రాభంగం కాకుండా శ్మశానానికి పోయి, సమాధుల మీద కూర్చుని గురుశిష్యులు సాధన చేసేవారని జిమ్మర్‌మన్ కుటుంబసభ్యులు చెప్పుకున్నారు. శ్మశానం నిజమే, సైతాను లేడు. పగలంతా కూలిపని చేసుకుని, రాత్రి దొరికిన చోట కూర్చుని వేళ్లు కాయలు కాసేలా మీటినవాడి సాధనను ఒక్క సంతకంగా కుదించడం ఆ కథ చేసిన అన్యాయం. ఒక నల్లజాతి కూలివాడు అంత బాగా వాయించగలడంటే ఏదో మాయ ఉండి తీరాలన్న అనుమానం దాని అడుగున ఉంది. ‘సక్’ ఆ కథను అలంకారంగా ఎత్తుకుని, దాని మరకను మాత్రం చూడకుండా వదిలేసింది.

విచిత్రంగా, చిత్రాన్ని సమర్థించే భారం ఇక్కడ విమర్శకుడి మీద పడింది. హాస్యానికి అడ్డదారి అవసరమనీ, సాధనను చూపించుకుంటూ కూర్చుంటే అది వేరే చిత్రమవుతుందనీ, అడ్డదారిని ఎగతాళి చేయడానికే ఈ చిత్రం అడ్డదారి తొక్కిందని అనుకోవడానికి వీలుందనీ ఆయన అన్నాడు. ఇలాంటి వెసులుబాటుకు ఆయన చూపిన ఉదాహరణ పిశాచాలదే: సూర్యరశ్మి తగిలితే పిశాచం నశిస్తుందన్న నియమం స్టోకర్ నవలలో లేదు, అక్కడ డ్రాక్యులా పగటిపూట కూడా తిరుగుతాడు. ఆ నియమాన్ని తెచ్చిపెట్టింది 1922 నాటి జర్మన్ చిత్రం ‘నోస్ఫెరాటు’. కథకు పనికొచ్చిన అబద్ధం నిజమై స్థిరపడటం ఈ సంప్రదాయానికి మొదటినుంచీ ఉన్న అలవాటేనని ఆయన భావం. సంగీతబృందాలు పగలు నిద్రపోయి రాత్రి బతకడానికి జర్మన్ చిత్రం అవసరం లేదని వాద్యకారిణి అందుకుంది.

ఇక్కడ వ్యాంపైర్ అన్న పదం మీద తెలుగు పాఠకుడికి స్ఫురించే ఒక వివాదాన్ని ఇద్దరూ కొంతసేపు తడిమారు. రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లండు యాత్రికుడు 1870లో విక్రమార్కుడి కథలను ఆంగ్లంలోకి తెచ్చినప్పుడు పుస్తకం పేరులోనే బేతాళుణ్ణి వ్యాంపైర్ అన్నాడు. తరతరాలుగా ఆ కథలు విన్నవారికీ, ‘చందమామ’ సంచికల్లో చెట్టు మీది శవాన్ని చూసినవారికీ ఆ అనువాదం పొసగదు. బేతాళుడు శవంలో దూరి కథ చెప్పి, చిక్కుప్రశ్న వేసి, మౌనం చెడగానే మళ్లీ చెట్టెక్కేవాడే గాని, విక్రమార్కుడి మెడ మీద పళ్లు దించేవాడు కాడు. నెత్తురు తాగే పనిని మన పల్లెకథల్లో వేరే శక్తులకు అప్పగించారు. వాడుకలో మాత్రం వడ్డీవ్యాపారి మొదలు పైఅధికారి దాకా అందరూ నెత్తురు తాగేవారే.

విమర్శకుడు: బేతాళుడితో పోలిక తెచ్చారు కాబట్టి అడగవలసిన మాట ఒకటుంది. విక్రమార్కుడు రాజు, అయినా శవాన్ని భుజాన వేసుకుని తానే మోశాడు. అతను మోసే శవం అతనితో మాట్లాడింది, కథ చెప్పింది, అతని తెలివిని పరీక్షించింది. హ్యూగో మోసిన ఏ శవమైనా అతనితో మాట్లాడిందా? స్టోకర్, పోలిడోరీ నౌకరు కళ్లతో చూసి రాశారని మీరన్నారు. స్టెఫానియుక్ ఎవరి కళ్లతో చూశాడు? మైకు ముందు నిలబడే జోయీ వేషం తానే కట్టుకుని, హ్యూగోను నవ్వులకు వదిలేశాడు. మీరు చూసిన గొప్ప చిత్రం తెర మీద లేదు, మీ వృత్తిలో ఉంది.

వాద్యకారిణి: ఉండవచ్చు మాస్టారూ, తెర మీద అరకొరగానే ఉంది. అయినా ప్రదర్శన ముగిశాక ఏం జరుగుతుందో మీరు ఎన్నడూ ఆగి చూసి ఉండరు. దీపాలు ఆరిపోగానే వాయించినవారు వెనుక గదికి పోతారు. జనం పోయేవరకు ఆగకుండా ఒక మనిషి నేల మీద గొంతుకూర్చుని కేబుళ్లు చుట్టడం మొదలుపెడతాడు. మోచేతికి తాడులా చుట్టితే లోపలి తీగ మెలిపడి నాలుగు కచేరీలకే తెగిపోతుంది గనుక, ఒక చుట్టు పైనుంచి, ఒక చుట్టు కిందనుంచి, అరచేతిలో తిప్పుకుంటూ చుట్టాలి. అలా ముప్ఫై నలభై కేబుళ్లు. అవయ్యాక బేస్‌కు వాడే పెట్టె ఉంటుంది, ఎనిమిది స్పీకర్లది, నిలబెడితే మనిషి ఛాతీ దాకా వస్తుంది; ఇద్దరు లేనిదే అది మెట్లు దిగదు, ఆ రెండవ మనిషి ఎప్పుడూ దొరకడు. హ్యూగో శవాన్ని లాక్కుపోతుంటే హాలులో అందరూ నవ్వుతారు. ఆ పెట్టె మోసినవారు నవ్వేది వేరే కారణానికి. శవానికి పట్టుకోవడానికి కాళ్లూ చేతులూ ఉంటాయి, పెట్టెకు ఉండేవి రెండు పిడులు, అందులో ఒకటి ఎప్పుడూ ఊడిపోయే ఉంటుంది.